సినిమాలో నచ్చిన ప్రసంగాన్ని వెతికి పట్టుకుని నలుగురిలో మాట్లాడుకోవడం ఎలా

"ఏమంటివి, ఏమంటివి" అని ఎవరైనా మొదలుపెడితే తిరుపతిలో ఏ టీ అంగడి దగ్గరైనా ఇద్దరు ముగ్గురు అందుకుంటారు. ద్రోణుడి మట్టికుండ దాకా అందరూ బాగానే వస్తారు. వశిష్ఠుడి దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి. వ్యాసుడి దగ్గర ఒక్కరు మిగులుతారు, ఆయన కూడా సగం సొంతంగా కలిపి చెబుతుంటాడు. అయినా వాదన మాత్రం జోరుగా నడుస్తుంది: దుర్యోధనుడు కులాన్ని కాదన్నాడా, లేక కర్ణుణ్ని తనవైపు తిప్పుకోవడానికి ఆ మాటలన్నాడా? అసలు ప్రసంగం ఎవరి దగ్గరా పూర్తిగా లేకుండానే తీర్పులు వచ్చేస్తాయి.

ఇష్టమైన సినిమాలోని ప్రసంగాన్ని అసలు రూపంలో ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక నలుగురితో ఎలా చర్చించాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణగా 1977 సంక్రాంతికి వచ్చిన దాన వీర శూర కర్ణలో, కర్ణుడి కులం ఎత్తిన ద్రోణుడికి దుర్యోధనుడి వేషంలో ఎన్టీఆర్ జవాబు చెప్పే ఈ ప్రసంగాన్నే ఎక్కువగా వాడుకుంటాను. మీకు నచ్చింది కోర్టు సీను కావచ్చు, పంచాయతీ తీర్పు కావచ్చు, పద్ధతి మారదు. నా లెక్కలో ఈ పనిలో మూడొంతులు వెతకడం, రాసుకోవడమే. ఆ మూడొంతులూ సరిగ్గా జరిగితే మిగిలిన వంతు దానంతటదే నడుస్తుంది.

మొదట: ఫోన్ తీయకముందే గుర్తున్నది రాయండి

ఒక్క క్లిప్పు చూశారంటే మీ జ్ఞాపకం చెరిగిపోయి క్లిప్పే జ్ఞాపకమైపోతుంది. అందుకే ముందు కాగితం తీసుకోండి. మాట్లాడేది ఎవరు, ఎవరితో, నిలబడా కూర్చునా, చుట్టూ జనం ఉన్నారా, దానికి ముందు ఏ పాట వచ్చింది, నలుపు తెలుపా రంగులా, మీరు చూసింది థియేటర్‌లోనా, దూరదర్శన్‌లోనా, లేక సినిమా చూడకుండా క్యాసెట్‌లో విన్నారా. ఈ చివరిది చాలా ముఖ్యం. పాతకాలంలో డైలాగ్ క్యాసెట్లు విడిగా అమ్మేవాళ్లు, గంగ జాతరకీ వినాయక చవితికీ మైక్ సెట్ వాళ్లు అవే వేసేవాళ్లు. సినిమా చూడకుండానే ప్రసంగం మొత్తం నోటికి వచ్చినవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. వాళ్లకు మాట తెలుసు, ఆ మాట అన్నప్పుడు ఎదుటివాడి మొహం ఎలా ఉందో తెలియదు.

జ్ఞాపకాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి కూడా. ఎన్టీఆర్ కోర్టు సీను అనగానే కొందరు బొబ్బిలిపులి అంటారు, కొందరు జస్టిస్ చౌదరి అంటారు. రెండూ 1982లోనే, కొద్ది వారాల తేడాతో వచ్చాయి. అదే ఏడాది మార్చిలో ఆయన పార్టీ పెట్టారు, మరుసటి ఏడాది మొదట్లో జరిగిన ఎన్నికల్లో తిరుపతి నుంచే పోటీ చేసి గెలిచారు. కాబట్టి మన ఊళ్లో ఆ వయసు పెద్దవాళ్లకు తెర మీది ప్రసంగమూ ప్రచార రథం మీది ప్రసంగమూ ఒకే గొంతుతో, దాదాపు ఒకే కాలంలో వినబడ్డాయి. "ఆ సినిమాలో అన్నాడు కదన్నా" అని వాళ్లు చెప్పేది నిజానికి మైదానంలో విన్న మాటైనా ఆశ్చర్యపోకండి. రాసుకోండి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

తమిళం వైపు కూడా ఒక కన్ను

ఇది పాత చిత్తూరు జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరమని? నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో శివాజీ గణేశన్ డైలాగులు తెలుగు డైలాగుల కంటే ముందే వినబడి ఉంటాయి. వీరపాండ్య కట్టబొమ్మన్‌లో పన్ను అడిగిన దొరతో వాదించే సీను, పరాశక్తిలో కరుణానిధి రాసిన కోర్టు సీను మనవాళ్ల నోట తెలుగులోకి మారిపోయి తిరుగుతుంటాయి. మీ మనసులో ఉన్న ప్రసంగం ఏ తెలుగు సినిమాలోనూ దొరకకపోతే, అది డబ్బింగ్ అయ్యుంటుందా, రీమేకా అని చూడండి. 1995 నాటి పెదరాయుడుకు మూలం అంతకు ముందు ఏడాది వచ్చిన తమిళ నాట్టామై. 2003 నాటి ఠాగూర్‌కు మూలం రమణ. ఇలాంటి చోట రెండు భాషల్లోనూ ఒకే సీను చూస్తే చర్చకు మంచి సరుకు దొరుకుతుంది. ఇంట్లో తమిళం వచ్చిన అత్తో మామో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

వెతకడం

గుర్తున్న వాక్యాన్ని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా ఒకసారి కొట్టి చూడండి. క్లిప్పులు పెట్టేవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు పెడతారు. వాక్యం దొరక్కపోతే సందర్భంతో వెతకండి: నటుడి పేరు, పక్కన కోర్టు సీన్ అనో సభ సీన్ అనో క్లైమాక్స్ అనో. ఫోన్‌లో మైకు నొక్కి వాక్యాన్ని పలికినా ఒక్కోసారి దొరుకుతుంది, గ్రాంథికం అయితే మాత్రం ఆ మైకు చేతులెత్తేస్తుంది.

అదే కథతో ఇంకో సినిమా ఉందేమో కూడా చూసుకోవాలి. 1977లో దాన వీర శూర కర్ణ వచ్చిన సంక్రాంతికే కురుక్షేత్రం కూడా వచ్చింది. రెండూ భారతమే. కర్ణుడి గురించి ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు ఒకరు ఒక సినిమా, ఇంకొకరు రెండో సినిమా మాట్లాడటం అరుదేమీ కాదు.

క్లిప్పుతో ఆగిపోవద్దు

దొరికిన మూడు నిమిషాల ముక్కతో తృప్తిపడితే పని చెడుతుంది. ముక్కలు కోసేవాళ్లు చప్పట్లు పడే చోట మొదలుపెట్టి చప్పట్లు పడే చోట ఆపుతారు. ఎవరి ఏ మాటకు ఈ ప్రసంగం జవాబుగా వచ్చిందో కోతలో పోతుంది. పూర్తి సినిమా తెరిచి, ప్రసంగానికి కనీసం పది నిమిషాల ముందు నుంచి, అయిపోయాక ఐదు నిమిషాల దాకా చూడండి. ఎన్నో గంట, ఎన్నో నిమిషంలో మొదలైందో రాసుకోండి. మూడున్నర గంటలు దాటిన సినిమాలో మళ్లీ వెతుక్కోవడం అంటే టెన్షనే.

చూస్తున్న కాపీ ఎలాంటిదో గమనించండి. టీవీ కోసం కత్తిరించినవి ఉంటాయి. కాపీరైట్ పట్టుబడకుండా వేగం కొంచెం మార్చి పెట్టినవి ఉంటాయి, వాటిలో గొంతు సన్నగా వినబడుతుంది, ఆ సన్నదనాన్ని చూసి నటుడి మీద వ్యాఖ్యానం చేసేవాళ్లనీ చూశాను. మాయాబజార్‌ను 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు కాబట్టి దానిలో ఒక మాట లేదంటే సినిమాలోనే లేదని అనుకోవడానికి వీల్లేదు, 1957 నాటి నలుపు తెలుపు ప్రతి చూడాలి. మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌లో నిడివి రాసి ఉంటుంది, మీ కాపీ నిడివితో పోల్చుకుంటే ఎంత పోయిందో అంచనాకు వస్తుంది.

రాసుకోవడం

అందరూ ఎగ్గొట్టే పని ఇదే, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ ఇదే. నెట్‌లో ఎవరో రాసిపెట్టిన పాఠం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, తప్పులతో ఉంటుంది, ఆ తప్పులనే పదిమంది కాపీ కొట్టి ఉంటారు. మీరు విని మీరు రాయండి, ఆ తర్వాత దానితో పోల్చండి.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం 0.75కి తగ్గించి, ఒక్కో ఊపిరికి ఒక్కో వరస చొప్పున రాయండి. వాక్యం ఎక్కడ ముగిసిందని వ్యాకరణం చెబుతుందో అక్కడ కాకుండా నటుడు ఎక్కడ ఆగాడో అక్కడ వరస మార్చండి. ఎన్టీఆర్ ఈ ప్రసంగంలో ద్రోణుడి దగ్గరా భీష్ముడి దగ్గరా ఆగి అదే ప్రశ్న వేస్తారు: నీది ఏ కులము, ఈయనదే కులము? అలా వరసలుగా రాసుకుంటే ఆ ప్రశ్న పేజీలో ఎన్నిసార్లు పడిందో కంటికి కనబడుతుంది. విన్నప్పుడు ఆవేశంగా తోచింది, రాసి చూస్తే పద్ధతిగా కట్టిన వాదన. మొదట ఎదుట ఉన్న గురువు, ఆ తర్వాత తాత, ఆ తర్వాత వంశ మూలం నుంచి కిందికి దిగుతూ తండ్రి, పినతండ్రి, విదురుడు. బయటివాళ్లతో మొదలై సొంత ఇంట్లోకి వచ్చి ఆగుతుంది.

వినబడని చోట ఊహించి నింపకండి. చుక్కలు పెట్టి వదిలేయండి. "క్షేత్రబీజ ప్రాధాన్యములతో" అన్న చోట చాలామంది ఏదో గొణిగి దాటేస్తారు, రాసినవాళ్లూ రకరకాలుగా రాశారు. మీరు ఖాళీ వదిలి, ఇంకొకరికి ఆ ఐదు సెకన్లు మాత్రమే వినిపించండి, మీరేమనుకున్నారో ముందే చెప్పకుండా. ఇద్దరికీ ఒకేలా వినబడితే రాయండి. సంస్కృతం చదివిన మాస్టారు ఎవరైనా తెలిసుంటే ఆయన దగ్గర ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, తిరుపతిలో అలాంటివాళ్లకు కరువు లేదు. అర్థం తెలియని మాటలకు నెట్‌లో ఉన్న ఆంధ్రభారతి నిఘంటువు చాలు, ఒకే మాటకు చాలా నిఘంటువుల అర్థాలు ఒకే చోట చూపిస్తుంది.

మాటలు ఎవరివి, గొంతు ఎవరిది

టైటిల్స్‌లో మాటలు, సంభాషణలు అని వచ్చే పేరు దగ్గర ఆపి చదవండి. ఈ ప్రసంగం రాసింది కొండవీటి వెంకటకవి. సంస్కృత పండితుడు, హేతువాద భావాలున్నవారు. ఆ సంగతి తెలిశాక ప్రసంగాన్ని మళ్లీ వినండి, దుర్యోధనుడి వెనక ఇంకొకరు నిలబడి మాట్లాడుతున్నట్టు వినబడుతుంది. అల్లూరి సీతారామరాజు మాటలు త్రిపురనేని మహారథివి. బొబ్బిలిపులిలోవి దాసరివి. హీరో పేరుతో తిరిగే ప్రతి ప్రసంగం వెనకా ఇలా ఒక పేరు ఉంటుంది, చర్చలో ఆ పేరు ఒక్కసారైనా రావాలి.

పౌరాణికాల్లో ఇంకో మెలిక ఉంది. పద్యం వస్తే అది సినిమా రచయితది కాకపోవచ్చు. రంగస్థలం నుంచి, ముఖ్యంగా తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల నుంచి వచ్చిన పద్యాలు సినిమాల్లో చాలానే ఉన్నాయి. (వాళ్లు మన తిరుపతి వాళ్లని మనవాళ్లు కొందరు గట్టిగా నమ్ముతారు. జంటలో ఒకరి పేరు తిరుపతి శాస్త్రి, అంతే సంబంధం. మనం గర్వపడాలంటే చిత్తూరు నాగయ్య ఉన్నారు. పుట్టింది గుంటూరు వైపైనా చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో ఊరి పేరే ఇంటిపేరైంది.)

గొంతు సంగతి ఇంకా తమాషా. అంకుశంలో రాజశేఖర్ గర్జిస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ గొంతు సాయికుమార్‌ది. సుమన్‌కూ ఎన్నో సినిమాల్లో ఆయనే. మెచ్చుకోలును ఎవరికి ఎంత పంచాలో ఇలాంటివి తేల్చుకున్నాకే చెప్పగలం.

పాత సినిమా అయితే పాటల పుస్తకం దొరుకుతుందేమో చూడండి, అందులో కథ కొంత, పేర్లన్నీ ఉంటాయి. కొన్ని సినిమాలకు వెండితెర నవలలు, అంటే సినిమా కథనే నవలగా రాసినవి, వచ్చాయి. అప్పటి పత్రికల స్కాన్లు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకొచ్చు. ఓపిక ఉన్నవాళ్ల పని ఇది, లేకపోతే వదిలేయండి.

మూలం తెరవండి

దుర్యోధనుడి ప్రసంగానికి మూలం భారతం ఆదిపర్వంలో ఉంది. టీటీడీ వ్యాఖ్యానంతో అచ్చువేసిన కవిత్రయ భారతం సంపుటాలు లైబ్రరీలో చూడొచ్చు, నన్నయ భాగం తీసి రాకుమారుల విద్యా ప్రదర్శన దగ్గర తెరవండి. పోల్చి చూస్తే సినిమా ఏం చేసిందో తెలిసి ముచ్చటేస్తుంది.

వ్యాస భారతంలో కర్ణుణ్ని వంశం అడిగేది కృపుడు. కర్ణుడు తల దించుకుంటాడు. దుర్యోధనుడు వెంటనే, రాజుకాని వాడితో అర్జునుడు పోరాడనంటే ఇతణ్ని ఇప్పుడే రాజును చేస్తానని అంగరాజ్యానికి అభిషేకం చేయిస్తాడు. ఆ తర్వాత కర్ణుణ్ని పెంచిన అధిరథుడు వస్తాడు, కర్ణుడు అభిషేక జలంతో తడిసిన తలతో అతనికి మొక్కుతాడు, భీముడు వెక్కిరిస్తాడు, చర్నాకోల పట్టుకో పో అంటాడు. పుట్టుకల గురించి దుర్యోధనుడి మాటలు అప్పుడు వస్తాయి, భీముడికి జవాబుగా. శూరుల పుట్టుకా నదుల పుట్టుకా తెలుసుకోవడం కష్టమంటాడు. దధీచి ఎముకతో వజ్రాయుధం, కలశంలో ద్రోణుడు, రెల్లుగడ్డిలో కృపుడు అంటాడు. మీ పుట్టుకలూ మాకు తెలుసులే అని పాండవులకు ఒక చురక వేస్తాడు.

సినిమాలో మాటలు ద్రోణుడి మీదికి వెళ్లాయి, భీముడి మీదికి కాదు. అంటే తనతోపాటు పెరిగిన దాయాదిని అనాల్సినవి గురువును అన్నాడు. వరస కూడా తిరగబడింది: మూలంలో పట్టాభిషేకం ముందు, ప్రసంగం తర్వాత. సినిమాలో ప్రసంగం గెలిచాక పట్టాభిషేకం. వశిష్ఠుడు, అరుంధతి, శక్తి, పరాశరుడు, మత్స్యగంధి అంటూ సాగే ఆ పొడుగాటి వరస మూలంలో ఈ చోట లేదు, వేరే చోట్ల ఉన్న కథలను వెంకటకవి ఇక్కడికి తెచ్చి గుదిగుచ్చారు. చర్చకు కూర్చునే ముందు ఈ మూడు మార్పులు తెలిసి ఉంటే చాలు, సాయంత్రం గడిచిపోతుంది.

సాంఘిక చిత్రానికైతే మూలగ్రంథం ఉండదు, ఆ ఏడాది పేపర్లే మూలం. ఆ సినిమా ఏ సంఘటనను మనసులో పెట్టుకుని మాట్లాడుతోందో అడగండి.

నలుగురూ కూర్చోవడం

ఐదారుగురు చాలు. పదిమంది దాటితే మీటింగ్ అయిపోతుంది. మిద్దె మీదో, ఎవరి ఇంటి హాల్లోనో, టీవీకి ఫోన్ కలిపే వీలున్న చోట. టీ అంగడి దగ్గర సరదాగా ఉంటుంది కానీ అక్కడ ప్రసంగం వినబడదు. వయసులో తేడా ఉన్నవాళ్లు ఉండేలా చూసుకోండి. సినిమాను థియేటర్‌లో చూసిన పెద్దాయన ఒకరు, రీల్స్‌లో మాత్రమే చూసిన కుర్రాడు ఒకరు తప్పకుండా ఉండాలి.

వీలైతే భారతం ఆడేవాళ్లను ఒకరిని పిలవండి. మన చిత్తూరు వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తుంది కదా, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది. ఆ వేషం కట్టినాయన సినిమా ప్రసంగాన్ని చూసే తీరు వేరుగా ఉంటుంది. గొంతు ఎక్కడ పెంచాలి, ఊపిరి ఎక్కడ దాచుకోవాలి అన్నది ఆయనకు తెలిసినట్టు మనకు తెలియదు. ఏటా ఊరంతా చంపే దుర్యోధనుడికి సినిమాలో ఈలలు ఎందుకు పడ్డాయని ఆయన్నే అడగండి.

కూర్చున్నాక క్రమం ఇది. మొదట సీను మొత్తం ఒకసారి చూడాలి, మధ్యలో ఎవరూ డైలాగ్ అందుకోకూడదు. (ఇది పాటించడమే కష్టం.) తర్వాత మీరు రాసిన కాగితాలు పంచి, ఒకరు మామూలు గొంతుతో చదవాలి, నటుణ్ని అనుకరించకుండా. నటన తీసేస్తే మాటల్లో ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. కొన్ని ప్రసంగాలు ఇక్కడే చప్పబడిపోతాయి, అదీ తెలుసుకోవాల్సిందే. ఆ తర్వాత ప్రశ్నలు.

"నచ్చిందా" అని మొదలుపెట్టకండి. అందరూ నచ్చిందంటారు, అక్కడితో అయిపోతుంది. ఈ మాటలు ఇప్పుడే ఎందుకు అన్నాడు, ఒక నిమిషం ముందు ఏం జరిగింది అని అడగండి. ఈ మాటల వల్ల ఎవరికి లాభం? ఎదుటివాడికి జవాబు ఉండీ చెప్పలేదా, లేక రచయిత చెప్పనివ్వలేదా? సభలో నోరు విప్పనిది ఎవరు? ఈ చివరి ప్రశ్నను దుర్యోధనుడి సీనుకు వేసి చూడండి. కర్ణుడిది ఏ కులమో నిజంగా తెలిసిన మనిషి కుంతి. భారతంలో ఆ విద్యా ప్రదర్శన దగ్గరే ఉంది, కొడుకును గుర్తుపట్టి మూర్ఛపోతుంది తప్ప నోరు తెరవదు. ఆమెను మనసులో పెట్టుకుని వింటే దుర్యోధనుడి వాదన ఎంత గొప్పగా ఉన్నా చీకట్లో వేసిన బాణమే.

కులం మాట వచ్చాక చర్చ వేడెక్కుతుంది, వేడెక్కనివ్వండి. నా అభిప్రాయం అడిగితే, ఆ ప్రసంగం కులాన్ని పూర్తిగా కొట్టెయ్యదు. పుట్టుకను ఎత్తిపొడవడాన్నే ఆయుధంగా వాడుతుంది: నాకు లేని శుద్ధి నీకూ లేదు అంటుంది. అందులో వాడిన పంచమ, ఛండాల లాంటి మాటలు గదిలో ఉన్న ఒకరిద్దరిని గుచ్చుకోవచ్చు. వాళ్లు ఆ మాట చెబితే "అది పురాణం కదా" అని కొట్టిపారేయకండి, ఆ సీను గురించి అన్నిటికంటే విలువైన మాట అదే కావచ్చు. ఇంకోవైపు, కులం వ్యర్థవాదమని ఒక పౌరాణికంలో అంత బాహాటంగా అనిపించడం 1977లో చిన్న విషయం కాదనేవాళ్ల మాటా నిజమే.

ఫ్యాన్స్ గొడవ మొదలైతే ఒకే మందు: "కాగితంలో ఏ వరస?" అని అడగండి. మా హీరో గొప్ప అన్నవాడు ఆ గొప్ప ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేనివాడు కాసేపు బజ్జీలు తింటాడు. రాజకీయం కూడా అలాగే. మన ఊళ్లో సినిమావాళ్లు పార్టీలు పెట్టారు, పోటీ చేశారు, గెలిచారు, కాబట్టి అటు జారకుండా ఉండదు. ప్రసంగం అయిపోయాక చివరి పావుగంట దానికి వదిలేయండి.

తర్వాత

ఆ రోజు మాట్లాడింది కాగితం వెనకే రాసిపెట్టండి, తేదీ, సినిమా పేరు, రచయిత పేరు, గంట నిమిషం వేసి. సీను మొత్తం కోసి మీ పేరుతో ఎక్కించకండి, హక్కులు వేరేవాళ్లవి. రెండు మూడు వాక్యాలు ఉదహరిస్తూ మీ మాట రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రెండోసారికి మొదటిదానికి దూరంగా ఉండేది ఎంచుకోండి. దుర్యోధనుడి గ్రాంథికం తర్వాత 1974 నాటి అల్లూరి సీతారామరాజు చివర్లో కృష్ణ, తెల్లదొర రూథర్‌ఫర్డ్ వేషంలో జగ్గయ్య ఎదురెదురుగా ఉన్న సీను బాగుంటుంది. అక్కడ ఎదుటివాడు కూడా మాట్లాడతాడు, అదీ జగ్గయ్య గొంతుతో. వాదనలో రెండో పక్షానికి మాటలు ఇస్తే ప్రసంగం బలం పెరిగిందా తగ్గిందా అన్నది ఈసారి కాగితం మీద మొదటి ప్రశ్నగా రాసుకుని కూర్చోండి.